లెన్సులో కదురు నూనె

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదని నాకు నేనే చాలాసార్లు నచ్చజెప్పుకున్నాను. బరువు తగ్గలేదు. ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకైతే చెప్పగలనేమోనని కూర్చున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

ఆమదాలవలసలో నాది చిన్న రిపేరు షాపు. ఫ్యాన్లు, మిక్సీలు, కుట్టుమిషన్లు, ఎప్పుడైనా ఒక కెమెరా. మాది పొందూరు వైపు నూలు వడికే ఇల్లు. అమ్మ రాట్నం ముందు కూర్చునేలోపు కదురుకి రెండు చుక్కలు పల్చటి నూనె వేయడం చిన్నప్పుడు నా పని. కదురు ఎంత తేలిగ్గా తిరిగితే నూలు అంత సన్నగా వస్తుంది. తిరిగేది ఏదైనా తేలిగ్గా తిరగాలన్నది అప్పుడే నా చేతికి పట్టేసింది. నాకంటే తెలిసినవాడు లేడన్న పొగరు ఎప్పుడు పట్టిందో మరి.

నరసన్నపేటలో సింహాచలం మావ అని ఒక ఫొటోగ్రాఫరు ఉన్నాడు. నాకు చుట్టం కాదు, అందరికీ మావే. పెళ్ళిళ్ళకు కొత్త కెమెరా వాడతాడు. మనసుపడి తీసేవాటికి మాత్రం పాత రీలు కెమెరా, చేత్తో తిప్పి ఫోకస్ చేసే పాత లెన్సు. ఒక ఎండాకాలం ఆ లెన్సు బిగుసుకుపోయిందని నా దగ్గరికి తెచ్చాడు. లోపలి గ్రీజు ఎండిపోయింది. గురువారం పైడమ్మత్తను ఫొటో తీయాలన్నాడు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే పాతకాలం మనిషి ఆవిడ. మా అమ్మకు పని నేర్పింది కూడా ఆవిడే. ఫొటో అంటేనే మొహం తిప్పుకునే మనిషిని రెండేళ్ళు బతిమాలి ఒప్పించాడట. ఆ ఒక్క పనికోసం ఫ్రిజ్‌లో ఒక రీలు దాచుకున్నాడు. అతని దగ్గర మిగిలిన ఆఖరి రీలు అదే.

"ఒరే, మరీ తేలిపోకూడదు. నా ఏలు ఎక్కడాగితే అదీ అక్కడే ఆగాల. ఆవిడ సేతి ఏళ్ళ మధ్యన పోగు ఉంటాది సూడు, దాని మీద నిలబెట్టాల," అన్నాడు.

"నాకొగ్గీ మావా," అన్నాను.

విప్పి చూశాను. ఇత్తడి గొట్టం లోపల చెక్కిన మర చుట్లు. ఒకటి కాదు, అరడజను మరలు పక్కపక్కనే మొదలై, ఒకదాన్నొకటి తగలకుండా చుట్టుకుంటూ పోతున్నాయి. ఏ దేశంలో ఏ మనిషి కోశాడో. చాలాసేపు దాన్ని బల్లమీద పెట్టలేకపోయాను. దండం పెట్టాలనిపించింది. అంత గౌరవం కలిగినవాణ్ణి ఆ తర్వాత చేసిన పని ఎలా చేశాను?

దానికి వేయాల్సిన చిక్కటి గ్రీజు వేరే ఉంటుందని నాకు తెలుసు. హైదరాబాదు నుంచి తెప్పించాలి, వారం పడుతుంది. గురువారానికి అవదని మావతో అంటే, చేతకాదని ఒప్పుకున్నట్టు ఉంటుందనిపించింది. అరలో కదురు నూనె ఉంది. అదే వేశాను. చాలదేమోనని ఇంకొంచెం వేశాను. ఒక్క వేలితో తోస్తే గిర్రున తిరిగింది, నేను మురిసిపోయాను. మావ తిప్పి చూసి మొహం చిట్లించాడు, మరీ వదులుగా ఉందన్నాడు. రెండు రోజుల్లో సర్దుకుంటుందని చెప్పాను.

రీలు విశాఖపట్నంలో కడిగించుకుని నేరుగా నా షాపుకే వచ్చాడు. పైడమ్మత్త చేతులు ఉండాల్సిన చోట తెలుపు. అన్ని ఫొటోల్లోనూ అంతే. అతను లోపలికి రాకుండా బెంచీ మీద కూర్చున్నాడు. నేను లోపల లెన్సు విప్పాను. వెలుతురును తగ్గించే సన్నటి రేకులు నూనెలో తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఎండ వేడికి నూనె పాకింది. రేకులు మూసుకోలేదు, వెలుతురంతా రీలు మీద పడింది. రేకులు మూసుకోవాల్సింది మీట నొక్కిన క్షణంలోనే కాబట్టి ఫొటో తీసేటప్పుడు కంటికి ఇదేమీ తెలియదు. అంతా ఒక్క చూపులో నాకు అర్థమైంది.

బయటికొచ్చి, తేమకి రేకులు పట్టేశాయి మావా అన్నాను. సముద్రపు గాలి అన్నాను. పోయిన వానల్లో ఎక్కడ పెట్టావని ఎదురు ప్రశ్న కూడా వేశాను.

"అటక మీద ఒగ్గేసినాను. నా తప్పేరా," అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు అతను నా మొహం వైపు చూడలేదు. చూసి ఉంటే నేను చెప్పేసేవాణ్ణా? ఏమో. ఇలా అనుకోవడం కూడా నేరాన్ని సగం అతని మీదికి తోయడమే. లెన్సు నువ్వే ఉంచుకో, ముక్కలకైనా పనికొస్తుందని ఇచ్చేసి వెళ్ళాడు. మళ్ళీ తీద్దామన్నా వీల్లేదు, అప్పటికే పైడమ్మత్తకు కుడిచెయ్యి పడిపోయింది. ఆవిడ ఆ వానాకాలం దాటలేదు.

పోయిన నెల అసలు గ్రీజు తెప్పించాను. నూనె మొత్తం కడిగి, ఆ గ్రీజు పూసి, ఒక పాత కెమెరాకు తగిలించి, గుమ్మానికి అమ్మ వడికిన పోగొకటి కట్టి చూశాను. లెన్సు బరువుగా, నిదానంగా కదిలింది. మసకలోంచి పోగు పైకి తేలింది. ఇంకాస్త తిప్పితే పోగు మీది నూగు. వేలు ఆపాను, అదీ ఆగింది. నేను పుట్టి పెరిగింది ఆ నూలు మధ్యనే, అయినా దాన్ని అలా ఎన్నడూ చూడలేదు. మావ చూపించాలనుకున్నది ఇదన్నమాట. అంత గొప్పదాని ఎదుట నిలబడితే వేసే భయం వేసింది. ఆ వెంటనే సిగ్గు వేసింది.

మొన్న మావ షాపుకొచ్చాడు. కొత్తగా ఫొటోలు నేర్చుకుంటున్న ఒకమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. లెన్సులు పొడిగా దాచుకోవాలనీ, తన అజాగ్రత్తవల్ల పైడమ్మ చేతుల ఫొటోలు పోయాయనీ ఆ అమ్మాయికి చెప్పాడు. అందరికీ అలాగే చెబుతాడు. నేను తలవంచుకుని ఫ్యాను మర బిగిస్తూ కూర్చున్నాను.

మావా, అది తేమ కాదు. నీ అటకా కాదు. నూనె పోసింది నేను. కళ్ళారా చూసి అబద్ధమాడింది నేను. నీ ఎదుట నిలబడి ఈ మాట అంటానో లేదో ఇవాళ చెప్పలేను. అన్నా ఆ చేతులు తిరిగి రావు. ఇది రాసి, షాపు తలుపు దగ్గరగా వేసి, ఒకసారి పైకే చదివాను. ఆ మాట నా నోటి నుంచి నా చెవిన పడటం ఇదే మొదటిసారి.