వడమాలపేట లేని కంప్యూటర్

ఎనభైల చివర్లో తిరుపతిలో ఒక పాల డెయిరీకి కంప్యూటర్ వచ్చింది. దాన్ని మీటే మహారాజును నేనే. దాంట్లో పేరు ఎక్కందే పాలు కొలవకూడదని యజమాని ఆజ్ఞ.

ఓ పొద్దున వడమాలపేట మునెమ్మ తొలిసారి పాలు తెచ్చింది. పేరు కొడితే, ఆ ఊరే లేదంది కంప్యూటర్. ఊరు ఎక్కించబోతే అక్కడికెళ్లే వ్యాను డ్రైవరెవరంది. డ్రైవర్ని ఎక్కించబోతే అతనిది ఏ ఊరంది. ఖర్మ, అతనిదీ వడమాలపేటే!

వెనక క్యూ అలిపిరి దాటింది. ఏసీ గదిలో నా చెమటకు కుర్చీ తేలింది.

"మా ఆవు గూడా పాలిచ్చే ముందు ఇన్ని అడగదు సామీ! ఇరిగిపోతాయి, సూడు!" అంది మునెమ్మ.

తెగించి, కంప్యూటర్‌కు అప్పటికే తెలిసిన నగరి అనే ఊరిని డ్రైవర్ సొంతూరుగా కొట్టాను. డ్రైవర్, ఊరు, మునెమ్మ వరసగా ఎక్కేశారు. పాలు దక్కాయి.

"నన్ను నగరివోణ్ణి చేసినావా? మా నాయన ఇంటే తంతాడప్పా!" అన్నాడు, తెర తొంగిచూసిన వ్యాను డ్రైవర్.

ఊరు ఎక్కేసింది కాబట్టి, కంప్యూటర్లో వెంటనే అతణ్ని సొంతూరికి చేర్చాను. ఇప్పటికీ ఎటూ దారి లేనప్పుడు, నాకు ముందు నగరియే గుర్తొస్తుంది.