గుడి, గుడి దీర్ఘం

నరసన్నపేట నుంచి పాతపట్నం వెళ్లే బస్సులో పక్క సీటామె ఫోను పట్టుకుని నా వైపు తిరిగింది. చెన్నైలో కూలి పనికెళ్లిన ఆమె భర్త మూడో అంతస్తు నుంచి పడ్డాడట.

“బాబూ, డాక్టరు ఇంగిలీసులో ‘హి విల్ లి... వ్’ అన్నాడు. ఫోను కట్టయిపోనాది. ఏటి దానర్థం?”

వణుకుతున్న గొంతు, పైగా బస్సు మోత. చివరి మాట నాకు సరిగా వినపడలేదు. లివ్ అయితే బతుకుతాడు. లీవ్ అయితే వెళ్లిపోతాడు. అనంతపురం బడిలో ఇరవై ఏళ్లుగా ఈ రెండు మాటలూ బోర్డు మీద రాస్తున్నాను. ఎవరి ప్రాణమూ వాటి మీద ఆధారపడలేదు. తిరిగి ఫోన్ చేస్తే కలవలేదు.

“గుర్తు తెచ్చుకోమ్మా. లివ్ అన్నాడా, లీవ్ అని సాగదీశాడా?”

ఆమె కళ్లు మూసుకుంది.

“లకి గుడే ఇచ్చినాడు బాబూ. గుడి దీర్ఘం ఇయ్యలేదు. అంగన్‌వాడీలో రోజూ పిల్లలకి సెప్పేదాన్ని, నాకు తెలీదేటి?”

“అయితే బతుకుతాడమ్మా.”

ఆమె ఏడుస్తూ “గుడే, గుడే” అంటూనే ఉంది. ముందు సీటు ముసలాయన ఏ గుడి వచ్చిందోనని కిటికీలోంచి చూసి, చేతులు జోడించాడు. నేనూ జోడించాను.