డోర్నకల్‌లో కరుణ వాళ్ళ ఇల్లు

హనుమకొండ నుంచి డోర్నకల్ వెళ్ళి రావడం ఒక్క రోజు పని. పొద్దున బయల్దేరితే చీకటి పడేసరికి ఇల్లు చేరవచ్చు. చాలామంది అక్కడి జంక్షన్‌లో బండి మారడానికి దిగుతారు, కొందరు పెద్ద చర్చి చూడటానికి వెళ్తారు. నేను మాత్రం ఆరుగురు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళాను. డెబ్బైల చివర్లో, దసరా సెలవులు అయిపోయి చలి మొదలవుతున్న రోజులవి. పిల్లలతో అలాంటి ప్రయాణం ఎవరికైనా తప్పకపోతే పనికొస్తుందని ఇన్నేళ్ళకు రాస్తున్నాను.

అప్పట్లో నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసేదాన్ని. శనివారం మధ్యాహ్నాలు మాత్రం మా వీధి చివర బడిలో బాలికల గైడ్స్ దళానికి నాయకురాలిగా ఉండేదాన్ని. జీతంలేని పని, ఇష్టంతో ఒప్పుకున్నది. తాడు ముడులు వేయడం, గాయానికి కట్టు కట్టడం, గుడారం నిలబెట్టడం, పాటలు పాడటం, ఇవీ మా పాఠాలు. పదేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా పిల్లలు. వాళ్ళు నన్ను లీడరక్కా అని పిలిచేవారు, పెద్దలు టీచరమ్మా అనేవారు. వాళ్ళలో కరుణ హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. తండ్రి ఏసోబు డోర్నకల్‌లో రైల్వే గ్యాంగ్‌మన్, పట్టాల వెంట నడుస్తూ లైను బాగుచేసే పని. కరుణ ప్రాణస్నేహితురాలు విమల, చౌరస్తాలో కిరాణా కొట్టు నడిపే సేటు కూతురు. ఒకరు పాట అందుకుంటే రెండోవారు పూర్తిచేయాల్సిందే. ఒకర్ని నీళ్ళు తెమ్మంటే ఇద్దరూ వెళ్ళేవారు.

ఆ దసరాకి ఇంటికి వెళ్ళిన కరుణ తిరిగి రాలేదు. జ్వరం వచ్చిందట, తలకెక్కిందట, దవాఖానకు తీసుకెళ్ళినా ఫలితం లేకపోయిందట. సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు ప్రార్థనలో అందర్నీ రెండు నిమిషాలు మౌనంగా నిలబెట్టారు. ఆ తర్వాత గంట కొట్టారు, పిల్లలు తరగతుల్లోకి వెళ్ళిపోయారు. ఆ శనివారం విమల నా చీర కొంగు పట్టుకుని అడిగింది.

"అక్కా, అది నిజంగ సచ్చిపోయిందా? మనం సూడనే లేదు గదా."

"వాళ్ళ అమ్మానాయిన్లను సూసొద్దామా?" అన్నాను. అలా మొదలైంది ప్రయాణం.

దళంలో పాతికమంది దాకా ఉన్నా ఇళ్ళల్లో ఒప్పుకున్నది ఆరుగురికే. చిన్నపిల్లల్ని చావింటికి తీసుకుపోతారా అని కొందరు నా ముఖం మీదే అన్నారు. విమల వాళ్ళ నాన్న చేతిలోని పొట్లం కట్టడం ఆపి, "పిల్లలు జడుసుకుంటరు టీచరమ్మా" అన్నాడు. లోపలి నుంచి విమల గొంతు వినిపించింది: "నాయినా, అది నా దోస్తు." ఆయన పొట్లానికి దారం చుట్టి పక్కన పెట్టాడు. చివరికి, "తీస్కపొండ్రి. పొద్దుగూకే వరకు ఇంట్ల ఉండాలె" అన్నాడు. ఆయన భార్య కూతురి సంచిలో పులిహోర డబ్బా పెట్టి, బయట ఎవరింట్లోనూ ఏమీ తినవద్దని నా ఎదుటే చెప్పింది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఆ రోజుల్లో ఎవరింట్లో ఎవరు తినాలనే పట్టింపు ఇంకా గట్టిగానే ఉండేది.

ఆదివారం పొద్దున చౌరస్తాలో సిటీబస్సు ఎక్కి వరంగల్ స్టేషన్ చేరాం. ప్యాసింజరు బండికి పెద్దలకు మూడు నాలుగు రూపాయలు, పిల్లలకు అందులో సగం. స్టేషన్ బయట చేమంతులు కొన్నాం. ఎనిమిది దాటాక బయల్దేరిన బొగ్గు ఇంజను బండి నెక్కొండ, కేసముద్రం, మానుకోట అంటూ ప్రతి స్టేషన్లోనూ ఆగుతూ పోయింది. కిటికీ పక్కన కూర్చున్న వాళ్ళ తెల్ల చొక్కాల మీద బొగ్గు నుసి పడింది. కేసముద్రం దాకా పిల్లలు బాగానే మాట్లాడుకున్నారు. పత్తి చేలు చూసి నవ్వుకున్నారు, జామకాయల కోసం దెబ్బలాడుకున్నారు. మానుకోట దాటాక ఒక్కొక్కరే సద్దుమణిగారు. చిన్నది పద్మ నా పక్కకు జరిగి, "అక్కా, ఆడికి పోయినంక ఏమనాలె?" అని అడిగింది. "ఏమనకున్నా మంచిదే" అన్నాను.

డోర్నకల్‌లో దిగేసరికి పదకొండు కావస్తోంది. ముందే కబురు పంపాను కాబట్టి ఏసోబు ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తున్నాడు. ఖాకీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, కళ్ళ కింద నల్లటి చారలు. దళం యూనిఫాంలో దిగిన పిల్లల్ని చూడగానే పక్కకు తిరిగి తుండుతో ముఖం తుడుచుకున్నాడు. నీలం స్కర్టు, తెల్ల చొక్కా, మెడలో పసుపు గుడ్డ. కరుణకు కూడా అదే జత ఉండేది.

రైల్వే క్వార్టర్లు స్టేషన్ నుంచి పావుగంట నడక. దారిలో ఆయన గొంతు తగ్గించి చెప్పాడు.

"టీచరమ్మా, జర ఏమనుకోకుండ్రి. మా ఇంటామె మాట్లాడుతలేదు. బిడ్డను మట్టిల పెట్టిన కాన్నుంచి ఎవ్వరితోని ఒక్క మాట లేదు. పొయ్యి ముట్టియ్యదు. పక్కింటోళ్ళు పెడ్తే ఇంత తింటది, లేకుంటే అదీ లేదు. మీరొస్తాండ్రని చెప్పిన. ఇన్నదో లేదో."

ఒక గది, ముందు వంట చేసుకునే వసారా. కరుణ తల్లి మార్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి నా వయసుకు నాలుగైదేళ్ళు పెద్దదేమో. పిల్లలు గుమ్మం దగ్గర వరుసగా నిలబడ్డారు. ఆమె ఒక్కొక్కరినీ చూసింది. ఆ చూపు ఆ నీలం స్కర్టుల మీద, ఆ పసుపు గుడ్డల మీద తిరిగి, ఒక్కసారిగా చెదిరిపోయింది. ముఖం గోడ వైపు తిప్పుకుంది. "మార్తక్కా" అని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతిలో చలనం లేదు. పద్మ వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఆమె పుండును కెలకడానికే వచ్చామా అనిపించింది. లేచి వెళ్ళిపోదామా అని ఏసోబు వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

అప్పుడు విమల చెప్పులు విప్పి లోపలికి వచ్చి మార్తమ్మ ముందు గొంతుక్కూర్చుంది.

"పెద్దమ్మా, ఆకలైతాంది."

విమల మళ్ళీ అంది, "పొద్దున్నుంచి ఏం తినలే పెద్దమ్మా."

మార్తమ్మ మెల్లగా తల తిప్పింది. పిల్ల ముఖం చాలాసేపు చూసింది. పెదవులు రెండు మూడుసార్లు కదిలాక మాట బయటికి వచ్చింది. ఎండిపోయిన గొంతు.

"ఎవరి బిడ్డవు?"

"చౌరస్తల కిరాణా దుకాణం సేటు బిడ్డను. విమలను."

"విమలవా?" ఆ పేరు ఆమె ముందే విన్నదని తెలుస్తూనే ఉంది. "మీరు మా ఇంట్ల తింటరా బిడ్డా?"

"కరుణ తెచ్చిన తొక్కు రోజూ నేనే తింటుంటి. మీ చెయ్యి రుచి నాకెరికే."

మార్తమ్మ గోడ పట్టుకుని లేచింది. ఏసోబు పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపింది. పొయ్యిలో పుల్లలు పెట్టి ఊదింది. బియ్యం కడిగింది. నేను ఉల్లిగడ్డలు తరిగాను, పిల్లలు బిందెతో నీళ్ళు తెచ్చారు. ఏసోబు వసారా బయటికి వెళ్ళి గోడ చాటున నిలబడి ఏడ్చాడు. అన్నం, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. పిల్లలకు తానే వడ్డించి, వాళ్ళు తింటుంటే ఎదురుగా కూర్చుని అడిగింది:

"నా బిడ్డ ఆడ ఎట్లుండె?"

పిల్లలు ఒకరితో ఒకరు పోటీపడి చెప్పారు. పరుగులో కరుణే ముందుండేదని, బల్లిని చూస్తే మాత్రం బల్ల ఎక్కి కూర్చునేదని, టీచర్ల నడక నడిచి చూపించి అందర్నీ నవ్వించేదని.

"ఇంట్ల గింత మాట మాట్లాడకపోయేది," అంది మార్తమ్మ ఆశ్చర్యంగా. "నవ్వుతుండెనా?"

"మస్తు నవ్వుతుండె పెద్దమ్మా."

ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. మట్టిచేసిన నాడు కూడా ఏడవలేదని ఏసోబు తర్వాత చెప్పాడు. ఏడుపు తగ్గాక ముఖం కడుక్కుని వచ్చింది. నేను బలవంతపెడితే రెండు ముద్దలు తిన్నది.

మధ్యాహ్నం బండికి తిరిగి వెళ్ళాలనుకున్నాం కానీ అది అప్పటికే వెళ్ళిపోయింది. సాయంత్రం నాలుగు దాటాక ఇంకొకటి ఉందని ఏసోబు చెప్పాడు. చీకటి పడకముందు రావాలన్న సేటు మాట గుర్తొచ్చి గుబులుగా ఉన్నా ఉండిపోయాం. అందరం కలిసి సమాధుల దొడ్డికి వెళ్ళాం. మార్తమ్మ కూడా వచ్చింది. మట్టి ఇంకా చదును కాలేదు, తల వైపు చిన్న కర్ర శిలువ. పిల్లలు చేమంతులు పెట్టి, నేను చెప్పకుండానే, శనివారాలు నిలబడినట్టు వరుసలో నిలబడ్డారు. మార్తమ్మ విమలను దగ్గరికి తీసుకుని భుజానికి ఆనించుకుంది. "నా బిడ్డ గిక్కడిదాంక వస్తుండె" అని విమల చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది.

స్టేషన్‌కు ఇద్దరూ వచ్చారు. బండి దూరంగా కనిపించినప్పుడు నేను, "క్రిస్మస్‌కు మల్ల వస్తం మార్తక్కా" అన్నాను. ఆమె పిల్లలందరి తలలూ నిమిరింది, తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"మల్ల రాకుండ్రి అమ్మా. కోపం గాదు. మీరు మల్లొచ్చేటాళ్ళకు ఈ పిల్లలు ఇంకింత పొడుగైతరు. నా బిడ్డ గంతనే ఉంటది. నేను సూడలేను."

బండిలో విమల సంచి తెరిస్తే పులిహోర డబ్బా మూత తీయకుండా అలాగే ఉంది. "ఆకలైతే ఇది తినకపోయినవా?" అన్నాను. "కరుణ వాళ్ళ అమ్మ అన్నమే తినాలనిపించిందక్కా" అంది. ఇంట్లో ఏం చెబుతావని అడిగితే, నిజమే చెబుతానంది. చెప్పింది కూడా. వాళ్ళ నాన్న మేం ఆలస్యంగా వచ్చినందుకు నన్ను నాలుగు మాటలన్నాడు, తిండి సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

మేము మళ్ళీ వెళ్ళలేదు. ఎనభైల్లో ఒకసారి కాజీపేటలో ఏసోబు కనిపించాడు. మార్తమ్మ బాగానే ఉందని, ఆ రోజు నుంచి వండుతోంది, తింటోంది, మాట్లాడుతోందని చెప్పాడు. "కాని బడి పిల్లలు ఎదురొస్తే తొవ్వ మారుస్తది" అన్నాడు. మా రాక వల్ల మేలే జరిగిందని అనుకోవాలని ఉంటుంది. ఆమె దుఃఖంలో కాస్త భాగం పంచుకున్నామని అనుకోవాలని ఉంటుంది. ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. ఒక పిల్ల నవ్వేదని ఆ తల్లికి తెలిసింది, అంతే. ఆ నవ్వు చూడలేకపోయిన బాధ కూడా దానితోపాటే ఆమెకు మిగిలింది.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. పొద్దుటి బండికే బయల్దేరి వంట వేళకు ముందే చేరండి, తిరుగు ప్రయాణం సాయంత్రం బండికే పెట్టుకోండి. ఆ ఇంటివాళ్ళు పొయ్యి ముట్టిస్తామంటే, మీకు శ్రమ ఎందుకని మాత్రం అనకండి.