టేపుతో అతికించిన ఫ్రాన్స్

మొన్న మేముండే అమెరికన్ ఊరు కాపెల్‌లో మా ఇంటి గరాజ్ సర్దుతుంటే నా చిన్ననాటి ఫ్రాన్స్ పజిల్ దొరికింది. మూత తీయగానే పాత చెక్క వాసన, టేపు జిగురు వాసన కలిసి ముక్కుకు తగిలాయి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ పజిల్‌లో ఒక్కో ప్రాంతం ఒక్కో చెక్క ముక్క. అల్జాస్, లొరేన్, షాంపేన్ త్వరలో కలిసి ఒకటైపోతాయని ఫ్రెంచ్ టీచర్ చెబితే, ఇంటికొచ్చి ఆ మూడు ముక్కల్నీ వెనకవైపు టేపుతో అతికించేశాను.

ఆ ఏడాదే తెలంగాణ విడిపోయింది. నాన్నది వరంగల్, అమ్మది గుంటూరు. శనివారం భోజనానికొచ్చిన ఒక అంకుల్, "ఇంకేం, ఇక మీ ఇద్దరివీ వేరే వేరే స్టేట్స్!" అన్నారు. అందరూ నవ్వారు. నేను మాత్రం అమ్మనీ నాన్ననీ మార్చి మార్చి చూశాను.

మర్నాడు టిఫిన్ తిని నాన్న లేవబోతే, ఆయన కుర్చీతో పాటు పక్కనున్న అమ్మ కుర్చీ కూడా జరిగింది. వంగి చూస్తే రెండింటి కాళ్ళకూ కలిపి టేపు చుట్టి ఉంది.

"ఎవరు చేసిండ్రు ఇది?" అన్నాడు నాన్న.

ఏడుపు ఆపుకుంటూ, "స్టేట్స్ వేరైతే అమ్మ వేరే ఇంటికి వెళ్ళాలి కదా?" అన్నాను.

"గీతలు మ్యాప్ మీదనే బిడ్డా. మనమెక్కడికి పోతం?"

"నేను పోతే డిష్‌వాషర్ ఎవరు లోడ్ చేస్తారే, మీ నాన్నా?" అంది అమ్మ.

మొన్న గరాజ్‌లో ఆ మూడు ముక్కల టేపు ఎండిపోయి, చెయ్యి తగలగానే ఊడిపోయింది. కొత్త టేపు కోసం లోపలికి వెళ్తే, అమ్మా నాన్నా అవే కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని టీ తాగుతున్నారు. కుర్చీ కాళ్ళ మీద జిగురు మరక ఇంకా ఉంది. ఇల్లంతా అద్దంలా తుడిచే అమ్మ, ఆ మరకను మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ తుడవలేదు.