కుడిచెయ్యి వెనక్కి

కెనడాలో, ఒషావాలోని మా ఇంటి బేస్‌మెంట్ నిండా చదువుకోవడానికి వచ్చిన అమ్మాయిలే ఉన్న రోజులవి. వారిలో వరంగల్ పిల్ల ఒకతె పళ్ల డాక్టరు దగ్గర పనికి పనికొచ్చే కోర్సు చదివేది. కాలేజీలో వికెట్ కీపర్‌గా ఆడిందట. ఇక్కడ పార్ట్‌టైమ్ చేసే చోట బేస్‌బాల్ జట్టుకు క్యాచర్, అంటే బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి అందుకునే మనిషి, కావాలంటే ఒప్పేసుకుంది. ఆదివారం ఆట, ఆ మర్నాడే ప్రాక్టికల్స్. ఆ పరీక్షంతా వేళ్ల పని. నా బెంగ అదే.

శనివారం పెరట్లో తోటి పిల్ల బంతి విసురుతుంటే ఆమె గొంతుక్కూర్చుని పట్టుకుంటోంది. క్రికెట్ అలవాటుకొద్దీ రెండు చేతులూ ముందుకు చాపింది. కీపర్‌కి రెండు చేతులకూ గ్లవ్స్ ఉంటాయి. ఈ ఆటలో ఎడమచేతికే.

పక్కింటి ముసలాయన కంచె దగ్గరికి వచ్చాడు. పంతొమ్మిదివందల యాభైలలో అమెరికాలో ఈ క్యాచర్ పనే ఉద్యోగంగా చేసిన మనిషి.

"ఆ కుడిచెయ్యి వెనక పెట్టుకో," అన్నాడు ఇంగ్లీషులో.

"తాత ఊకెనే భయపడుతుండు అమ్మమ్మా. నేను మస్తు ఆడిన," అంది పిల్ల నాతో.

ఆయన ఏ ఏడు ఎక్కడ ఆడాడో అడిగాను. వరసగా చెప్పాడు. చిన్న ఊళ్ల జట్లు, బస్సుల్లోనే నిద్ర, నడుమ పెద్ద జట్టులో ఒక్క వేసవి, మళ్లీ చిన్న ఊళ్లు. లెక్క కుదరకపోతే నాకు ఊపిరాడదు. కూడి చూశాను.

"పెద్ద జట్టు తర్వాత ఒక సంవత్సరం వదిలేశారు."

ఆయన కుడిచెయ్యి కంచె మీద ఆనించాడు. చూపుడువేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంది.

"ఆ ఏడాది ఇక్కడుంది. బ్యాటు అంచుకు తగిలి వచ్చిన బంతి. నయమయ్యేసరికి నా చోట్లో ఇంకొకడు కూర్చున్నాడు."

పిల్లకు తెలుగులో చెప్పాను. ఆమె కాసేపు ఆ వేలినే చూసింది.

"మానెయ్యమంటవా అమ్మమ్మా?"

"మాటిచ్చావుగా, ఆడు. చెయ్యి మాత్రం దాచుకో."

చున్నీతో కుడిచేతిని నడుముకు కట్టించుకుని చీకటిపడేదాకా ప్రాక్టీసు చేసింది. మా కోచ్‌కి ఇది తట్టలేదే అని ముసలాయన నవ్వాడు.

ఆటలో చున్నీ ఉండదు. ఆదివారం బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని నేను ఆట చూడలేదు, ఆ చెయ్యినే చూశాను. ఒక బంతి బ్యాటు అంచుకు తగిలి పక్కకు తిరిగింది. మడమ వెనక దాచుకున్న కుడిచెయ్యి కదిలింది, అక్కడే ఆగింది. బంతి ఆమె మోకాలి ప్యాడ్‌కి ఠపీమని కొట్టుకుంది.

పిల్ల మా వైపు తిరిగి అయిదు వేళ్లూ ఆడించి చూపించింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ముసలాయన నవ్వలేదు. "ఇంకా సగం ఆట ఉంది," అంటూ, చెయ్యి వెనక్కి పెట్టుకోమని ఆమెకు సైగ చేశాడు.