వేపకొమ్మకు పుత్తూరు కట్టు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవిలో, ఉగాది పచ్చడి చేదు నాలిక మీద ఉండగానే, నరసరావుపేట స్టేషన్ వెనక వీధిలో ఒక వేపకొమ్మను తొలగించే పని మా సంస్థకు వచ్చింది. సంస్థ అంటే నేనూ, షేక్ సైదులూ, ఒక పెట్రోల్ రంపం. హోదాల ప్రకారం నేను ప్రొప్రైటర్‌ని. ఎస్టిమేటు వెయ్యడం, కింద నిలబడి "జాగ్రత్త" అనడం నా విధులు. సైదులు చెట్టెక్కేవాడు. సీనియారిటీలో రంపం మా ఇద్దరికంటే పెద్దది, అందుకని తనకు బుద్ధి పుట్టిన రోజునే స్టార్టయ్యేది. ఇప్పుడు నేను ఆ పనిలో లేను. నా మోకాలు నాకంటే ముందు రిటైర్మెంటు తీసుకుంది, దాన్ని ఒంటరిగా పంపడం మర్యాద కాదని నేనూ దిగాను.

చెట్ల పని వానల్లో పడిపోతుందని బయటివాళ్లు అనుకుంటారు. పల్నాట్లో లెక్క తలకిందులు. తొలకరి గాలికి ఒక్క కొమ్మ ఊగితే చాలు, ఊరంతా ఒకే రోజు ఫోన్ చేసేవాళ్లు. చలికాలంలో కరెంటు తీగలకు తగిలేవి, గోడలు ఎక్కేవి, పక్కింటివాళ్లతో తగాదా పెట్టేవి, ఇలా ఏవో కొన్ని కొమ్మలు దొరికేవి. ఉగాదికి వేపపూత కోసమైనా చెట్టెక్కనిచ్చేవాళ్లు. ఆ మర్నాటి నుంచి మా మొహం చూస్తే తలుపులేసేవాళ్లు. పురోహితులకు మూఢం ఎలాంటిదో మాకు ఎండాకాలం అలాంటిది.

కారణం ఎండే. మా ఎండ గురించి చెబితే ఎవరూ నమ్మరని నేనెప్పుడూ తగ్గించే చెబుతాను. ఏప్రిల్లో మా వీధి కుళాయి కింద గ్లాసు పెడితే టీపొడి ఒక్కటి వేసుకుంటే సరిపోయేది. గోడమీద బల్లి నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనించేది కాదు, వంతులేసుకునేది. ఇదంతా చూసి రెంటచింతల చుట్టాలు మాత్రం "మీ ఊళ్లో చల్లగా ఉంది బావా" అనేవాళ్లు. అలాంటి చోట మూరెడు నీడ కొయ్యమనే మనిషి ఎక్కడుంటాడు?

ఆ మూడు నెలలూ గడవడానికి నేను చెయ్యని ప్రయోగం లేదు. కొబ్బరిచెట్ల మట్టలు దించి తలలు దువ్వాం. చెదలు పట్టకుండా చెట్ల మొదళ్లకు సున్నం కొట్టాం. ఆ సున్నం పనికి నేను "కాండ సంరక్షణ" అని పేరు పెట్టాను. పేరు పెట్టాక గిరాకీ కొంచెం తగ్గింది.

అసలు భయం సైదులు గురించి. చెట్టెక్కేవాళ్లు చానామంది దొరుకుతారు, తాము ఎక్కినట్టే దిగేవాళ్లు తక్కువ. సైదులు ఎక్కిన చెట్టుకు నొప్పి తెలిసేది కాదు, దిగినప్పుడు అతనికీ తెలిసేది కాదు. అతని బావమరిది పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీలో పని చేసేవాడు. అక్కడి మేస్త్రి, సైదులు తాడు ముడి వేసే తీరు చూసి, క్రేను కింద రాళ్లు కట్టే పనికి రమ్మని ప్రతి వేసవీ పిలిచేవాడు. ఆ ఏడు సైదులు నాకు మొహమాటం లేకుండా చెప్పాడు.

"అన్నా, ఈ కొమ్మ పనుంటే ఉంటా. లేదంటే క్వారీకి పోతా. ఇంటికాడ నీ జోకులు చెప్పి ఎన్నాళ్లు నవ్వియ్యను?"

అతను పోతే సంస్థలో మిగిలేది నేనూ, రంపమూ. మా ఇద్దరికీ చెట్టెక్కడం రాదు.

కొమ్మను కొయ్యమన్నది కోటేశ్వరరావు గారు. నూజెండ్ల నుంచి వచ్చి మిర్చి కమీషన్ వ్యాపారంలో స్థిరపడ్డ మనిషి, కొత్తగా పై అంతస్తు వేశారు. వేపచెట్టు ఆయన ప్రహరీకి బయట, ఆయన స్థలంలోనే ఉంది. కొమ్మ మాత్రం స్థలం దాటి వీధి మీదికి చెయ్యి చాపింది. సైదులు ఎక్కి చూసి, పంగ దగ్గర, అంటే రెండు పెద్ద కొమ్మలు విడిపోయేచోట, పగులుందన్నాడు. నా పరువు కోసం నేనూ నిచ్చెన వేసుకుని చూశాను. పగుల్లో నా అరచెయ్యి దూరింది. నా అరచెయ్యి ఇస్తరాకుకి ఏమాత్రం తీసిపోదు. వేసవి గాలిదుమారం ఒక్కటి గట్టిగా వస్తే ఆ కొమ్మ కిందున్నవాళ్ల మీద పడటం ఖాయం.

కింద ఉన్నది ఎవరంటే, వీధంతా. పొద్దున నీడ పడమటికి పడితే నాగేంద్రమ్మ ఇస్త్రీ బండి అక్కడ ఉండేది. మధ్యాహ్నం నీడ చెట్టు కిందికి చేరితే ఆటోవాళ్లు అన్నాలు తినేవాళ్లు. పొద్దు వాలి నీడ తూర్పుకు తిరిగితే మెకానిక్ బాషా తన బళ్లన్నీ అందులోకి నెట్టేవాడు. ఎవరి వంతు ఎప్పుడో ఎవరూ రాసుకోలేదు, ఎవరూ తప్పలేదు. యజమాని కోటేశ్వరరావు గారికి మాత్రం రాలిన ఆకులు ఊడ్చుకోవడమే మిగిలేది, అందుకే కొయ్యమన్నారు.

కోత రోజున మోకులూ బెల్టులూ వేసుకుని వెళ్లేసరికి చెట్టు మారిపోయి ఉంది. మొదలు నిలువెత్తున పసుపు పూసి ఉంది. మీద అరచేతంత కుంకుమ బొట్లు, ఎర్ర రవికెగుడ్డ, పచ్చ గాజులు, నిమ్మకాయల దండ. ముందురోజు దాకా ఆ చెట్టుకు బాషా పంక్చరైన ట్యూబులు తగిలించేవాడు. ఏందయ్యా ఇది అని అతన్నే అడిగాను.

"నిమ్మకాయలు నేనే తెచ్చా అన్నా. నాగేంద్రమ్మక్కకు తీరిక లేదు, పెళ్లి బట్టలున్నయి" అన్నాడు.

మా వృత్తిలో ఒక కట్టుబాటుంది. పసుపు పూసి గాజులు కట్టిన వేపకు కత్తి తగలనివ్వరు. సైదులు చెట్టుకేసి ఒకసారి చూసి నడుము బెల్టు విప్పేశాడు. ఏ మతం దేవుడైనా చెట్టెక్కేవాడికి ఒకటే, పైన ఉన్నంతసేపూ అందరితోనూ అవసరం.

కోటేశ్వరరావు గారు బయటికొచ్చి కేకలేశారు. పసుపు పూస్తే చెట్టు మీదైపోద్దా అన్నారు. గుంటూరు నుంచి మనుషుల్ని తెప్పించి మొదలంటా కొట్టిస్తానన్నారు. అప్పుడు నాగేంద్రమ్మకు పూనకం వచ్చింది. వచ్చిన క్రమం చెప్పి తీరాలి. ముందు చేతిలోని చొక్కా మడత పూర్తి చేసింది. ఇస్త్రీపెట్టెను బట్టలకు దూరంగా నిలబెట్టింది. ముడి విప్పి వెంట్రుకలు సర్దుకుంది. ఆ తర్వాత అమ్మ పూనింది. గుడ్డ కాలకుండా పూనకం రావడం ఎంతో అనుభవం ఉంటేగానీ సాధ్యం కాదు.

"ఒరేయ్ కోటిగా, నా చెయ్యి నరుకుతావంట్రా?"

మిర్చి యార్డులో కోటేశ్వరరావు గారిని గారు లేకుండా పిలిచినవాడు లేడు. ఆయన చెప్పులు విడిచి చేతులు కట్టుకున్నారు.

నా పరిస్థితి చూడండి. కొమ్మ కొయ్యకపోతే సైదులు పోతాడు. కొమ్మ ఉంటే ఆ ఊగుతున్న అమ్మ నెత్తిమీదే పడుతుంది. ఎస్టిమేట్లు వేసే బుర్ర ఆ క్షణాన పనికొచ్చింది. నేనూ చెప్పులు విడిచి ముందుకెళ్లి దణ్ణం పెట్టాను.

"తల్లీ, నీ చెయ్యి ఎవరూ నరకరు. అయితే అది విరిగుంది. నీకు తెలియంది కాదు."

అమ్మ ఊగడం కాస్త తగ్గించింది. "ఏడ్రా?"

"పంగ కాడ తల్లీ. సరిగ్గా నువ్వు నిలబడ్డ చోటుకి పైన."

అమ్మ ఊగుతూనే రెండడుగులు పక్కకు జరిగింది.

"మనిషికి చెయ్యి విరిగితే నరుక్కుంటామా తల్లీ, పుత్తూరు కట్టు కడతాం. నువ్వు సెలవిస్తే నీకూ అట్టాంటిదే కట్టిస్తా."

"నొప్పి పుట్టుద్దా?"

"సైదులు చెయ్యి తేలిక."

అమ్మ సైదులుని ఎగాదిగా చూసి ఒప్పుకుంది. కట్టు ఖర్చు సగం వీధిదనీ సగం కోటిగాడిదనీ తీర్పిచ్చింది. ఇస్త్రీబండి అక్కణ్ణుంచి తియ్యమని ఇక ఎవరూ అనకూడదని కూడా చెప్పింది. ఆ చివరి మాటకూ కొమ్మకూ సంబంధం ఏమిటని అమ్మను అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మంచినీళ్లు తాగి జుట్టు ముడేసుకున్నాక నాగేంద్రమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నిజంగానే ఇరిగిందా అన్నా?" అని అడిగింది. నిజమేనన్నాను. "మరి ముందే చెప్పొద్దూ" అంది.

అంతకుముందు నేను ఏ కొమ్మకూ కట్టు కట్టలేదు. హైదరాబాదులో ఒక పెద్ద తోటలో కట్టి ఉంటే చూశాను, అంతే. దానికి మంచి ఇనుప తీగతాడు కావాలి. మా దగ్గర్లో అలాంటిది దొరికేది పిడుగురాళ్ల క్వారీల్లో, క్రేన్ల మీద. తేగలిగినవాడు సైదులు. అంటే అతన్ని నేనే, నా చేత్తో, ఆ మేస్త్రి ముందుకు పంపాలి. పంపాను. బస్సెక్కేటప్పుడు అతని చేతిలో బట్టల సంచి ఉంది. అది చూసి కూడా నేను ఏమీ అడగలేదు. అడిగితే ఏం చెబుతాడోనని.

కొమ్మ కింద ఎవరూ నిలబడకుండా నేను చుట్టూ తాడు కట్టించాను. పగులు ఉన్నప్పుడు అది నియమం. చెట్టు ఉండి, నీడ ఉండి, జనాన్ని ఎండలో నిలబెట్టిన మొదటి పెద్దమనిషినని వీధి నన్ను పొగిడింది. నాగేంద్రమ్మ ఎండలో ఇస్త్రీ చేస్తూ, పెట్టెలో బొగ్గులే అక్కర్లేదని నాకు వినపడేట్టు అంది. బాషా బళ్ల సీట్లు తాకిన కస్టమర్లు నిలబడి నడుపుకుంటూ పోయారు. సైదులు ఫోన్ ఎత్తలేదు. మర్నాడు పొద్దున కూడా ఎత్తలేదు. పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చే ప్రతి బస్సునూ నేను స్వయంగా తనిఖీ చేశాను. కండక్టర్లు నన్ను చెకింగ్ ఆఫీసర్ అనుకుని జేబులు సర్దుకున్నారు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక సున్నం లారీ వీధి చివర ఆగింది. దాని మీంచి తెల్లటి బొమ్మ ఒకటి దిగింది. కనుబొమలతో సహా తెల్లగా ఉంది, భుజాన తీగతాడు చుట్ట ఉంది. నవ్వాక సైదులని తేలింది. ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే సున్నంలో పడిందన్నాడు. మేస్త్రి ఉండమన్నాడా అన్నాను.

"అన్నాడు. జీతం కూడా చెప్పాడు. పొద్దున క్వారీ అంచున కూర్చుని చూశా అన్నా. అక్కడ అందరూ కిందకి దిగేవాళ్లే. ఎక్కేదానికి ఏమీ లేదు."

వెంటనే పనిలో దిగాం.

కట్టే పద్ధతి తెలుసుకోవాలనేవాళ్ల కోసం చెబుతాను. ముందు కొమ్మ కొసల్లో చిన్న రెమ్మలు కొన్ని తీసి బరువు తగ్గించాలి. నీడ తగ్గినట్టు కనపడకుండా తియ్యడం మంగలి పని లాంటిది. తర్వాత బాషా ఇంజన్లు ఎత్తే చైన్ పుల్లీతో రెండు కొమ్మల్నీ దగ్గరికి లాగాం, పగులు మూసుకుంది. పగులు దగ్గర అడ్డంగా రంధ్రం చేసి, మర ఉన్న ఇనుపరాడ్డు దూర్చి, రెండువైపులా బిళ్లలు పెట్టి బిగించాం. ఇంకా పైన, కొమ్మలు బారుగా సాగినచోట, ఒక్కోదానికి కొక్కెం బోల్టు దించి వాటి మధ్య తీగతాడు లాగి కట్టాం. తాడును కొమ్మ చుట్టూ చుట్టకూడదు. చుడితే చెట్టు లావయ్యేకొద్దీ ఉరి బిగుస్తుంది. బోల్టు తలలు బిగించాక నాగేంద్రమ్మ నిచ్చెన ఎక్కి వాటికీ పసుపు పూసింది. తుప్పు పట్టకుండా పసుపు ఆపుతుందో లేదో నాకు తెలియదు, ఆమె మాత్రం అదే చెప్పింది.

మే నెలలో దుమారం వచ్చింది. స్టేషన్ దగ్గర రేకులు లేచిపోయాయి. ఒక బట్టల కొట్టు బోర్డు సత్తెనపల్లి దాకా వెళ్లిందని విన్నాను, కానీ నేను దాన్ని సగం దారి దాకానే నమ్మాను. గాలి ఆగాక వీధిలోకి పరిగెత్తితే నాగేంద్రమ్మ, బాషా, ఆటోవాళ్లు, కోటేశ్వరరావు గారితో సహా అందరూ తలెత్తి నిలబడి ఉన్నారు. కొమ్మ తన చోట ఉంది. తీగతాడు వీణతీగలా మోగుతోంది.

అది చూసినవాళ్లు చెప్పగా, విన్నవాళ్లు పెంచగా, ఆ వేసవి మిగిలిన రోజులన్నీ మాకు కట్లతోనే గడిచాయి. గురజాలలో చింతకు, మాచర్లలో ఒక కోర్టు గుమాస్తా గారి కానుగకు కట్టాం. కట్టక్కర్లేని వాటికి కూడా కట్టమన్నారు. వాటికి సున్నం కొట్టి వచ్చాం.

వానలు పట్టాక ఒకరోజు నాగేంద్రమ్మే ఫోన్ చేసింది. కొమ్మ గుబురెక్కిందనీ, ఇస్త్రీ చేసిన బట్టల మీద చుక్కలు పడుతున్నాయనీ, సగం రెమ్మలు కొట్టెయ్యమనీ అంది. మరి అమ్మ ఒప్పుకుంటుందా అక్కా అన్నాను.

"అడిగా అన్నా. వానకాలం గదా, అంత బరువు మొయ్యటం ఆమెక్కూడా కష్టమేనంట."

సైదులు గాజులు పక్కకు జరిపి, దణ్ణం పెట్టుకుని ఎక్కాడు. రంపం కూడా ఆ రోజు మొదటి లాగుకే స్టార్టయింది.

ఆ పని నాకు నేర్పింది ఇంతే. మా వ్యాపారంలో జనం కొనేది కోత కాదు, నీడ. వేసవిలో అది ఉండాలి, వానల్లో కొంచెం తగ్గాలి. ఆ తర్వాత నేను ఎస్టిమేటు వేసే ముందు ఒక పూట చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. దస్తావేజు ఎవరి పేరున ఉన్నా సరే, ఎవరొచ్చి నన్ను పక్కకు జరగమంటారో వాళ్లతోనే బేరం మొదలుపెట్టేవాణ్ణి.