నా ఊక తడిదా?

ఇది ఇంతకుముందు రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, అప్పట్లో నాకు రాయడం రాదు. మా పాస్టరమ్మగారు సాయంత్రాలు చర్చి వసారాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేసరికి నా తల సగం నెరిసింది. అంతవరకూ ఈ కోపాన్ని నోటితోనే మోశాను (మా ఆయన విని విని, సగంలోనే లేచి పొలానికి పోయేవాడు).

ఆ రోజుల్లో మావైపు రైసుమిల్లుల్లో ఊకకు విలువ లేదు. ఇటుక బట్టీకో కాలవగట్టుకో పోయేది. అలాంటిది మా షావుకారుగారు ఊకను సగం కాల్చి, గ్యాస్ తీసి, దాంతో ఇంజను తిప్పి మిల్లుకి కరెంటు తెచ్చే యంత్రం పెట్టించారు. పొగే ఉండదన్నారు. అందులో తట్టలతో ఊక పోసే పని నాది. పెళ్లయిన కొత్త, ఆ పని పోతే మళ్లీ వరినాట్లలో నడుం వంచాలి. అందుకే వానొస్తే నా దుప్పటి కూడా ఊక మీదే కప్పేదాన్ని.

ప్రారంభం మిట్టమధ్యాహ్నం. గ్యాస్ ఎలా ఉందో చూడటానికి బయట ఒక గొట్టం ఉంటుంది, ముందు దాని మూతి దగ్గర వెలిగించాలి. యంత్రం బిగించిన ఇంజనీరుబాబు అగ్గిపెట్టె తీస్తే షావుకారుగారు ఒప్పుకోలేదు. పూజారిగారు గొట్టానికి బొట్టు పెట్టాక, హారతి కర్పూరంతో షావుకారుగారే ముట్టించారు. ఏమీ కనపడలేదు. గ్యాస్ బాగుంటే, అందులో హైడ్రోజన్ ఉంటే, ఎండలో మంట కంటికి ఆనదని ఇంజనీరుబాబు గొణిగాడు.

"కనపడని మంట మంటెలా అవుతుందయ్యా?" అని షావుకారుగారు నావైపు తిరిగారు. "ఇది తడి ఊక పోసింది. ఏమే, రేపట్నుంచి రాకు."

నా దుప్పటి తడిసిందిగాని నా ఊక తడవలేదు. మిల్లులో అందరికీ తెలిసిన పరీక్షే: పొడి ఊక గాలికి ఎగురుతుంది, తడిది ముద్దగా కిందపడుతుంది. చెయ్యి ఊరుకోలేదు. తట్టలోంచి దోసెడు తీసి, తూర్పారబట్టినట్టు గొట్టం మీదుగా ఎగరేశాను (అక్కడ మంట ఉందని నేను మాత్రం నమ్మానా?). భగ్గుమంది. నిప్పురవ్వలు లేచి షావుకారుగారి పట్టు కండువా మీద వాలాయి. పూజారిగారు హారతి పళ్లెంతో సహా లారీ చాటుకు చేరారు.

మంట ఉందని తేలింది. కొబ్బరికాయ కొట్టారు, ఇంజను తిరిగింది, బల్బు వెలిగింది. అంతా షావుకారుగారి చేతి చలవన్నారు. కండువాకి పడ్డ చిల్లులు మాత్రం నా నెత్తిన వేశారు. రావద్దన్న మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడైతే కాగితం మీద రాసి కోపం తీర్చుకుంటాను. అప్పటి నాకు అక్షరాలు రావు కదా. మర్నాడు పొద్దున్నే రెండు తట్టల ఊక మోసుకెళ్లి షావుకారుగారి వాకిట్లో, ఆయన పడక్కుర్చీ చుట్టూ పల్చగా పరిచాను. ఆయన కాఫీ గ్లాసుతో బయటికొచ్చి, అడుగు ఎక్కడ వేయాలో తెలీక గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంటే ఇది?"

"ఆయ్, తడి ఊకన్నారు కదండీ, ఆరబెడుతున్నానండి."

ఎత్తి మిల్లుకి పట్టుకుపోయి యంత్రంలో పొయ్యమన్నారు. పట్టుకెళ్లాను గాని, వెంటనే కాదు. ఎండ బాగా ఎక్కేదాకా, ఆరిందో లేదోనని చేత్తో కలియబెడుతూ అక్కడే కూర్చున్నాను.